మెట్టుగడ్డ నుంచి బస్టాండ్ లోపలి దాకా బస్సుకు దారి ఇవ్వండి

మహబూబ్‌నగర్ నగర పాలక సంస్థ పాలకులకు, కమిషనర్ గారికి, జిల్లా కలెక్టర్ గారికి, ఆర్టీసీ అధికారులకు, ట్రాఫిక్ పోలీసు అధికారులకు,

నమస్కారం.

నేను ఇరవై తొమ్మిదేళ్లు బస్సు స్టీరింగ్ పట్టుకుని బతికిన మనిషిని. పల్లె వెలుగు నడిపాను, ఎక్స్‌ప్రెస్ నడిపాను, కొన్నాళ్లు బొంబాయి సర్వీసు మీద కూడా పోయాను. రిటైరయ్యాక ఇంట్లో కాలు నిలవదు. రోజూ పొద్దున మెట్టుగడ్డ దాకా నడిచి వచ్చి ఒక చాయ్ తాగి తిరిగి వెళ్తుంటాను. ఆ పావుగంటలో కళ్ల ముందు కనిపించేదే ఈ ఉత్తరం రాయిస్తోంది.

అడిగేది ఒక్కటే. మెట్టుగడ్డ నుంచి బస్టాండ్ లోపలికి తిరిగేదాకా బస్సుకంటూ ఒక వరుస దారి విడిగా ఇవ్వండి. దీన్ని బస్ ర్యాపిడ్ ట్రాన్సిట్ అంటారు, పేపర్లలో బీఆర్‌టీఎస్ అని రాస్తారు. ఆ మాట వినగానే వందల కోట్లు, పెద్ద పెద్ద నగరాలు గుర్తొస్తాయి. మన ఊరికి అంత హంగు అక్కర్లేదు. కానీ దాని ప్రాణం ఎక్కడుందో ఆ ముక్క మాత్రం మనకు కావాలి.

పొద్దున ఎనిమిదిన్నర, తొమ్మిది మధ్య సంగతి చెబుతాను. జడ్చర్ల నుంచి వచ్చే బస్సు అప్పన్నపల్లి బ్రిడ్జి దిగేదాకా హాయిగా వస్తుంది. ఏనుగొండ దాటాక టాప్ గేర్ థర్డ్‌కు దిగుతుంది, థర్డ్ సెకండ్‌కు వస్తుంది, మెట్టుగడ్డ వచ్చేసరికి ఫస్ట్ గేరే. ఇక అక్కడి నుంచి పది అడుగులు కదలడం, ఆగడం. ఎడమ పక్క ఆగిన ఆటోలు, వాటి పక్కన తలుపు తెరిచి నిలబెట్టిన కారు, కుడి పక్క సందు దొరికిన ప్రతి చోటా దూరే బైకులు. డ్రైవర్ ఎడమ కాలు క్లచ్ మీద నుంచి లేవదు. నాకు ఎడమ మోకాలు అరిగింది. డాక్టర్ గారు ఎక్స్‌రే చూసి, ఏం పని చేసేవారు అని అడిగారు. బస్సు డ్రైవర్ని అనగానే ఇంకేం అడగలేదు.

నా మోకాలి సంగతి అటుంచండి. ఆ బస్సు లోపల అరవై మంది ఉంటారు. 2023 డిసెంబర్ 9న ఆడవాళ్లకు బస్సులో ఉచిత ప్రయాణం ఇచ్చే మహాలక్ష్మి మొదలైన తర్వాత అందులో వాళ్లే ఎక్కువ. బట్టల షాపులో పనికి వచ్చే అమ్మాయిలు, కాలేజీ పిల్లలు, ఆసుపత్రిలో ఓపీ చీటీ రాయించుకోవాల్సిన ముసలమ్మలు. చీటీ లైను పొద్దున్నే పెరిగిపోతుందని వాళ్లకు తెలుసు. అందుకే ఇంటి దగ్గర చీకటితో లేచి, సద్ది కట్టుకుని మొదటి బస్సు పట్టుకుంటారు. తీరా ఊళ్లోకి వచ్చాక, బస్టాండ్ దగ్గర్లోనే ఉన్నా చేరలేక, బస్సులో నిలబడి ఉంటారు. నా చివరి ఏడాది డ్యూటీలో ఒక అవ్వ ఇంజన్ బానెట్ పక్కన నిలబడి, "బిడ్డా, గీడనే దింపు, నడుసుకుంట పోతా, నీకంటే ముందుగాల్నే చేరుతా" అంది. ఆమె కోపంగా అనలేదు. నిజంగానే నడిస్తే ముందు చేరుతుంది. స్టాపు కాని చోట తలుపు తీయకూడదని నాకు తెలుసు, పక్కనుంచి బైకు దూసుకొస్తే ఏమవుతుందో కూడా తెలుసు. అయినా ఆ రోజు క్లీనర్ లేని నా బస్సులో అద్దంలోంచి వెనక్కి నాలుగుసార్లు చూసుకుని ఆమెను దింపాను. ఆమె చేతి సంచి పట్టుకుని కార్ల మధ్యలోంచి నడిచి పోతుంటే, కనుచూపు దాటేదాకా నా ప్రాణం నా దగ్గర లేదు.

ఒక చిన్న లెక్క చూడండి. అరవై మంది ఉన్న బస్సు పావుగంట ఆగితే అది తొమ్మిది వందల నిమిషాలు. అంటే పదిహేను గంటలు. ఒక్క బస్సులో, ఒక్క ట్రిప్పులో, పదిహేను గంటల మనుషుల కాలం రోడ్డు మీద కారిపోతుంది. ఆ అరవై మందీ ఇద్దరు చొప్పున కార్లలో వస్తే ముప్పై కార్లు కావాలి. ఒక్కో కారు నాలుగు మీటర్లు, మధ్యలో ఒక్క మీటరు సందు వదిలినా నూట యాభై మీటర్ల బారు. బస్సు పొడవు పన్నెండు మీటర్లు. రోడ్డును తక్కువ వాడుకుంటూ ఎక్కువ మందిని తెస్తున్న బండి, రోడ్డును ఎక్కువ వాడుకునే బండ్ల వెనకాల నిలబడి ఉంది. కొలంబియా దేశంలోని బొగోటా నగరానికి మేయర్‌గా చేసిన ఎన్రిక్ పెన్యలోసా ఎప్పుడూ చెప్పే మాట ఇదే: ఎనభై మంది ఉన్న బస్సుకు, ఒక్కరున్న కారుకంటే ఎనభై రెట్లు ఎక్కువ రోడ్డు మీద హక్కుంది. మన దేశం 2006లో తెచ్చుకున్న జాతీయ పట్టణ రవాణా విధానం కూడా రోడ్డు స్థలాన్ని బండ్లకు కాదు, మనుషులకు పంచాలనే చెప్పింది.

ఇక్కడ చాలామందికి కనిపించని సంగతి ఒకటుంది. బస్సు మెట్టుగడ్డలో ఆలస్యమైతే నష్టం మెట్టుగడ్డలో ఆగదు. డ్రైవర్ చేతికి డ్యూటీ చార్ట్ ఇస్తారు. జడ్చర్ల నుంచి వచ్చిన బండే మళ్లీ ఇంకో రూటుకు పోవాలి, తిరిగి రావాలి, సాయంత్రం మళ్లీ పోవాలి. పొద్దున పోయిన ఇరవై నిమిషాలు మధ్యాహ్నానికి నలభై అవుతాయి. సాయంత్రానికి ఆ బండి చివరి ట్రిప్పు ఎగిరిపోతుంది. డిపోలో దాన్ని ట్రిప్ కట్ అని ఒక్క మాటలో రాసేస్తారు. ఆ మాట అర్థం ఏంటంటే, కోయిల్‌కొండ వైపో నవాబుపేట వైపో ఒక ఊరికి రాత్రి బస్సు లేదు. బస్టాండ్‌లో బెంచీ మీద పుస్తకాల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న డిగ్రీ పిల్లకు, తన బస్సు పొద్దున తొమ్మిదింటికే ఇక్కడ పోయిందని తెలియదు. ఇంటికి ఫోన్ చేస్తుంది. వాళ్ల నాయిన బండేసుకుని చీకట్లో ముప్పై కిలోమీటర్లు వస్తాడు, లేదంటే పిల్ల కిక్కిరిసిన ఆటో ఎక్కుతుంది. ఇలా నాలుగుసార్లు జరిగితే ఇంట్లో టెన్షన్ పెరుగుతుంది, చదువు మాన్పిద్దామనే మాట వస్తుంది. ఇది నేను ఊహించి రాస్తున్నది కాదు. ఎన్ని ఇళ్ల తల్లిదండ్రులు నా కేబిన్ దగ్గర నిలబడి, "సారూ, రేపైనా టైముకు వస్తదా?" అని అడిగారో నాకు తెలుసు. జవాబు నా చేతిలో లేని ప్రశ్న అది.

మీరేమీ చేయలేదని నేను అనను. రోడ్డు వెడల్పు చేశారు, చౌరస్తాలు బాగు చేశారు, మధ్యలో డివైడర్, లైట్లు వచ్చాయి. 2025లో మన మున్సిపాలిటీ కార్పొరేషన్ కూడా అయింది. కానీ రోడ్డు వెడల్పయిన ప్రతిసారీ ఆ వచ్చిన జాగా ఎవరికి దక్కిందో ఒకసారి చూడండి. పార్కింగ్‌కు దక్కింది, కార్లకు దక్కింది. బస్సుకు ఒక్క అడుగు కూడా రాలేదు. రేపు ఇంకో పది అడుగులు వెడల్పు చేసినా అంతే. చెరువు తూము పెద్దది చేసినంత మాత్రాన చివరి పొలానికి నీళ్లు పారవు, మధ్యలో ఎవరు మళ్లించుకుంటున్నారో చూసుకోవాలి. మన రైతు బిడ్డలందరికీ తెలిసిన సంగతే ఇది.

నేను రెండేళ్ల కింద బంధువుల పెళ్లికి హుబ్బళ్లి పోయాను. అక్కడ హుబ్బళ్లి, ధార్వాడ మధ్య 22 కిలోమీటర్ల పొడవున ఈ బస్సు దారి ఉంది. 2018 అక్టోబర్‌లో బస్సులు మొదలయ్యాయి. బస్సులకు చిగరి అని పేరు, మన మాటలో జింక. పెళ్లి పనులు వదిలేసి నేను ఆ బస్సులోనే రెండుసార్లు ఆ చివరికీ ఈ చివరికీ తిరిగాను. మా ఇంటావిడ కోప్పడింది కూడా. రోడ్డు నడిమధ్యన స్టేషన్, దాని అరుగు బస్సు ఫ్లోర్‌కు సమానంగా ఉంది. టికెట్ స్టేషన్‌లోనే, బస్సులో కండక్టర్ చుట్టూ గుంపు లేదు. ఒక పెద్దాయన చేతికర్రతో వచ్చాడు. బస్సు వచ్చి ఆగింది, తలుపు తెరుచుకుంది, ఆయన ఇంట్లో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోయినట్టు లోపలికి నడిచాడు. కింద చూసుకోలేదు, ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఎందుకంటే మన బస్సు మొదటి మెట్టు ఎంత ఎత్తో నేను ఇరవై తొమ్మిదేళ్లు అద్దంలో చూశాను. మోకాలి ఎత్తు. సంతకు పోయి వచ్చే అమ్మ ముందు మూట లోపలికి విసురుతుంది, తర్వాత చంటిపిల్లను ఎవరి చేతికో అందిస్తుంది, చివరికి కడ్డీ పట్టుకుని తను లేస్తుంది. వెనక ఇంకో పది మంది. ఈలోగా వెనకున్న కార్లు హారన్ కొడుతూనే ఉంటాయి. అరుగు ఎత్తుగా ఉంటే ఆ అమ్మకు కష్టం తప్పుతుంది, ప్రతి స్టాపులో బస్సు ఆగే సమయం కూడా తగ్గుతుంది. బస్సు వేగమంటే యాక్సిలరేటర్ తొక్కడం అనుకుంటారు. ఆగిన చోట ఎంత త్వరగా కదిలితే అదే బస్సు వేగం. ఏ డ్రైవర్‌ను అడిగినా ఇదే చెబుతాడు.

ఈ ఆలోచన పుట్టింది కూడా డబ్బున్న చోట కాదు. బ్రెజిల్‌లో కురిచీబా అనే ఊరు, మెట్రో రైలు కట్టే స్తోమత లేక, 1974లో బస్సులకే విడిగా దారి ఇచ్చింది. అప్పటి మేయర్ జైమే లెర్నర్ స్వతహాగా ఆర్కిటెక్ట్. ఆ తర్వాత బొగోటా 2000 డిసెంబర్‌లో, జకార్తా 2004లో మొదలుపెట్టాయి. మన దేశంలో అహ్మదాబాద్ 2009 అక్టోబర్‌లో పన్నెండున్నర కిలోమీటర్లతో మొదలుపెట్టి జనమార్గ్ అని పేరు పెట్టుకుంది. జనం దారి. ఆ పేరు నాకు చాలా ఇష్టం.

అన్నిచోట్లా బాగుందని చెబితే అబద్ధం అవుతుంది. నేను అబద్ధం చెప్పి మీతో పని చేయించుకోదలచుకోలేదు. ఢిల్లీలో 2008లో అంబేడ్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా 5.8 కిలోమీటర్లు వేశారు. కార్ల వాళ్లు గోల పెట్టారు, కోర్టుకు వెళ్లారు. 2012లో హైకోర్టు బస్సు దారిలోకి కార్లను వదలమన్న పిటిషన్‌ను కొట్టేసింది. అయినా చివరికి ప్రభుత్వమే ఆ దారిని తీసేసింది. భోపాల్‌లో 2013లో మొదలైన 24 కిలోమీటర్ల దారిని 2024లో తవ్వేశారు. ఇండోర్‌లోనూ 2025లో తీసేయడం మొదలైంది. మన పక్కనే బెజవాడలో, విశాఖలో బీఆర్‌టీఎస్ రోడ్డు అని జనం ఇప్పటికీ పిలుస్తారు. పేరు నిలిచింది కానీ అనుకున్నట్టు బస్సు వ్యవస్థ నిలవలేదు.

ఎందుకు పోయాయో పెద్ద చదువులవాళ్లు చాలా కారణాలు చెప్పారు. నేను డ్రైవర్‌గా రెండే చెబుతాను.

ఒకటి, దారి వేశారు గానీ ఆ దారి నిండా బస్సులు వేయలేదు. పక్కన వందమంది ఎండలో ఇరుక్కుని ఉన్నప్పుడు, ఆ ఖాళీ దారి వాళ్ల కంటికి ఎలా కనిపిస్తుంది? నిమిషానికో రెండు నిమిషాలకో ఒక బస్సు పోతుంటే జనం ఒప్పుకుంటారు. పావుగంటకు ఒక బస్సు పోతే, మంచి మనిషి కూడా బైకు అందులోకి తిప్పుతాడు. రెండోది ఇంకా ముఖ్యం. ఢిల్లీలో మొదట అనుకున్నది ఢిల్లీ గేట్ దాకా పద్నాలుగున్నర కిలోమీటర్లు. వేసింది 5.8. మూల్‌చంద్ దగ్గర దారి అయిపోయింది, బస్సు మళ్లీ అదే ట్రాఫిక్‌లో పడింది. సుఖంగా ఉన్న చోట దారి ఇచ్చి, గొంతు నొక్కుకుపోయే చోట చెయ్యి వదిలేస్తే బస్సుకు ఏం లాభం?

అందుకే ఈ ఉత్తరం మొదట్లోనే బస్టాండ్ లోపలికి తిరిగేదాకా అని రాశాను. దయచేసి ఆ మాట మర్చిపోకండి. రేపు ఎవరో ఇంజనీర్ గారు వచ్చి, ఏనుగొండ వైపు రోడ్డు విశాలంగా ఉంది, అక్కడ లేన్ వేద్దాం, బస్టాండ్ దగ్గర ఇరుకు కాబట్టి వదిలేద్దాం అంటారు. అలా అయితే అసలు వేయకండి. విశాలంగా ఉన్న చోట బస్సుకు మీ సాయం అక్కర్లేదు, అది దాని పాటికి వస్తుంది. ఇరుకున్న చోటే కావాలి. దూరం చిన్నదైనా ఫర్వాలేదు, మధ్యలో తెగకూడదు.

మన ఊరికి ఎలాంటిది సరిపోతుందో నా బుద్ధికి తోచింది చెబుతాను. అహ్మదాబాద్‌లో స్టేషన్ రోడ్డు మధ్యలో ఉంటుంది, ఆ బస్సులకు తలుపు కుడి పక్కన ఉంటుంది. అవి ఎక్కువగా ఆ దారిలోనే తిరుగుతాయి కాబట్టి వాళ్లకు సరిపోయింది. మన దగ్గర అది కుదరదు. మన బస్టాండ్‌కు వచ్చేవి నారాయణపేట, గద్వాల, కోస్గి, అచ్చంపేట, హైదరాబాద్ బస్సులు. అన్నిటికీ తలుపు ఎడమ పక్కనే. మన కోసం కొత్తగా కుడి తలుపు బస్సులు కొనమంటే ఆర్టీసీ ఎక్కడి నుంచి తెస్తుంది? కాబట్టి రోడ్డు మధ్య వరుస బస్సుకు ఇచ్చి, స్టాపు దగ్గర దానికి ఎడమ పక్కన అరుగు కట్టాలి. ఈ దారిలోకి వచ్చే ఏ ఆర్టీసీ బస్సైనా, పల్లె వెలుగు నుంచి సూపర్ లగ్జరీ దాకా, అందులోంచే పోవాలి. అప్పుడు దారి ఖాళీగా కనిపించదు. ఈ చిన్న ముక్కలో స్టాపులు ఒకటీ రెండుకు మించి అక్కర్లేదు.

ఎడమ చివరి వరుస ఇస్తే చాలదా అని అడుగుతారు. పెయింట్ ఖర్చుతో పని అయిపోతుంది, నిజమే. కానీ ఎడమ చివర ఏం ఉంటుందో అందరం రోజూ చూస్తున్నాం. పండ్ల బండి, సామాన్లు దింపే ట్రాలీ, ఐదు నిమిషాలంటూ ఆపి అరగంట రాని కారు. అక్కడ ఇచ్చిన దారి సాయంత్రానికి పార్కింగ్ అయిపోతుంది. పోలీసాయన ఎంతమందిని అదిలిస్తాడు?

మధ్య వరుసకు ఉన్న కష్టం వేరే. జనం రోడ్డు దాటి స్టాపుకు రావాలి. దీన్ని తేలికగా తీసుకోకండి. పిల్లలు, ముసలివాళ్లు దాటే చోట సిగ్నల్, తెల్ల చారలు, బండ్లు నెమ్మదించేలా రోడ్డు కంటే కాస్త ఎత్తుగా కట్టిన దాటే దారి, రాత్రి మంచి లైటు, ఇవన్నీ ఉంటేనే స్టాపు తెరవాలి. ఇవి తర్వాత చేద్దాం అనుకునేటట్టయితే స్టాపు కూడా తర్వాతే తెరవండి. నా చేతుల మీద ఒక్క ప్రాణం కూడా పోకుండా రిటైరయ్యాను. ఆ తృప్తి నా తోటి డ్రైవర్లకు కూడా మిగలాలి.

సిగ్నల్ దగ్గర బస్సు వరుసకు ముందు పచ్చ లైటు పడాలి. ఆ దారిలో అంబులెన్స్‌కు, ఫైరింజన్‌కు తప్ప ఇంకెవరికీ చోటు ఉండకూడదు. ఇంకెవరికీ అంటే నాయకుల కాన్వాయ్‌కు, అధికారుల బండ్లకు కూడా. మొదటి నెలలో జనం ఇదే చూస్తారు. పెద్దవాళ్ల కారు ఒక్కసారి అందులో పోయిందంటే మరుసటి రోజు ఊరంతా అందులోనే ఉంటుంది.

షాపులవాళ్ల భయం నాకు అర్థమవుతుంది. షాపు ముందు బండి ఆపే చోటు పోతే గిరాకీ పోతుందని వాళ్ల బాధ. వాళ్లను పిలిచి కూర్చోబెట్టి మాట్లాడండి, పక్క వీధుల్లో పార్కింగ్ ఎక్కడ ఇస్తారో ముందే రాసి చూపించండి. ఒక్క మాట నేను కూడా వాళ్లతో అంటాను. అన్నా, పండగ ముందు నీ షాపుకు వచ్చేది ఎవరు? కారులో వచ్చేవాళ్లు కొందరు, మిగతా అంతా బస్సు దిగి వచ్చే పల్లెలవాళ్లే. వాళ్లు అరగంట ముందు దిగితే ఆ అరగంట నీ షాపులోనే ఉంటారు. ఇక ఆటో తమ్ముళ్లు. వాళ్లూ మాలాంటి స్టీరింగ్ మనుషులే, వాళ్ల పొట్ట కొట్టే పని నేను అడగను. బస్సు దిగినవాళ్లను వీధుల్లోకి చేర్చేది వాళ్లే కాబట్టి ప్రతి స్టాపు దగ్గర వాళ్లకు నిలబడే జాగా గీసి ఇవ్వండి.

ఈ మెయిన్ రోడ్డు 167వ నంబర్ జాతీయ రహదారి కూడా. అందుకే ఇది కార్పొరేషన్ ఒక్కటే తేల్చే పని కాదని నాకు తెలుసు. రోడ్డు ఒకరిది, బస్సు ఒకరిది, సిగ్నల్ ఒకరిది. ఏ ఆఫీసు కిటికీ దగ్గరికి పోయినా ఇది మా పరిధి కాదనే జవాబు రావచ్చు. అందుకే ఉత్తరం అందరికీ కలిపి, అందరి ముందూ రాస్తున్నాను. మీరంతా ఒక బల్ల దగ్గర ఒక్క పూట కూర్చుంటే చాలా సంగతులు తేలతాయి.

ముందే కోట్ల కాంక్రీటు పోయమని కూడా నేను అడగడం లేదు. మొదట మూడు నెలలు, పొద్దున ఎనిమిది నుంచి పదిన్నర దాకా, సాయంత్రం నాలుగున్నర నుంచి ఏడున్నర దాకా, ప్లాస్టిక్ కోన్‌లు, బారికేడ్లు పెట్టి చూడండి. బస్సు వెడల్పు రెండున్నర మీటర్లు, లేన్‌కు మూడున్నర మీటర్లు చాలు. ఈ మూడు నెలలు మధ్యలో స్టాపు వద్దు, కాబట్టి రోడ్డు దాటే సమస్య కూడా రాదు. బస్సు మెట్టుగడ్డ స్టాపులో ఎప్పటిలాగే ఎడమ పక్క జనాన్ని దింపి, ఎక్కించుకుని, పోలీసాయన దారి ఇవ్వగానే మధ్య వరుసలోకి వచ్చి, నేరుగా బస్టాండ్‌లోకి పోవాలి. ప్రతి చౌరస్తాలో ఒక కానిస్టేబుల్ ఉండాలి. పండగలని, మీటింగులని మధ్యలో వాళ్లను తీసుకుపోకూడదు. బస్సు మెట్టుగడ్డకు వచ్చిన టైము, బస్టాండ్‌లోకి తిరిగిన టైము బస్టాండ్ కంట్రోలర్ దగ్గర రోజూ రాయించండి. కోన్‌లు పెట్టకముందు రెండు వారాలు, పెట్టాక మూడు నెలలు. ఆ కాగితం బస్టాండ్ గోడకు అంటించండి. లాభం లేకపోతే కోన్‌లు తీసేయండి, నేను మళ్లీ నోరెత్తను. లాభం కనిపిస్తే అప్పుడు అరుగులు, సిగ్నళ్లు, డివైడర్ కట్టండి.

బొంబాయి సర్వీసు అని మొదట్లో రాశాను కదా. ఆ బస్సు నడిపిన రోజులు నేను మర్చిపోలేను. టాపు మీద సద్దల మూటలు, గంపలు, లోపల చంకన పిల్లలతో తల్లులు. మన కరువు ఊళ్లలోంచి కుటుంబాలకు కుటుంబాలు ఎక్కేవి. ఎక్కడ రోడ్డు పడుతున్నా, ఎక్కడ కాలువ తవ్వుతున్నా, ఎక్కడ మేడ లేస్తున్నా అక్కడ పాలమూరు కూలీ ఉండేవాడు. ఊరు కాని ఊళ్లో కంకర మోసి, తారు పోసి, ఎవరెవరి కార్లకో నున్నటి దారులు వేసి వచ్చిన మనుషులు వాళ్లు. ఇప్పుడు వాళ్లకు వయసు మీద పడింది. మందుబిళ్లల కోసం, మనవడి ఫీజు కోసం అదే ఆర్టీసీ బస్సులో మన ఊరికి వస్తున్నారు. మెట్టుగడ్డలో ఆగిపోయిన బస్సు కిటికీలోంచి నేను రోజూ చూసే ముఖాల్లో కొన్ని, ఆనాడు అర్ధరాత్రి నా వెనక సీట్లలో నిద్రపోయిన ముఖాలే. ఒకాయన మొన్న నన్ను గుర్తుపట్టి కిటికీలోంచి చెయ్యి ఊపాడు. రెండు వేళ్లు లేవు ఆ చేతికి. బస్సు కదలడం లేదు గనక నేను దగ్గరికి పోయి మాట్లాడాను. ఏడు నిమిషాలు మాట్లాడుకున్నాం, బస్సు ఇంకా అక్కడే ఉంది. ఊరి కష్టసుఖాలు అన్నీ అయ్యాక ఆయన, "ఇగ నేను దిగి నడుస్త, దవాఖాన బంద్ అయితది" అన్నాడు.

వాళ్ల కోసం మూడున్నర మీటర్ల దారి అడుగుతున్నాను.

మీరు మీటింగ్ పెట్టే రోజు చెబితే వస్తాను. రూట్లు, టైములు, ఏ బండి ఎక్కడ ఇరుక్కుంటుందో అన్నీ నోటికి చెప్పగలను. నాతోపాటు రిటైరైన డ్రైవర్లు, కండక్టర్లు ఇంకొందరు వస్తామన్నారు. ట్రయల్ మొదలయ్యే రోజు పొద్దున ఏడున్నరకే మెట్టుగడ్డ దగ్గర ఉంటాం. మా దగ్గర పాత విజిళ్లు ఉన్నాయి. కోన్‌లు సర్దడానికి, జనానికి చెప్పడానికి జీతం అక్కర్లేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవర్,
మహబూబ్‌నగర్